బి సెక్షన్‌లో 24 మందే, మరి మార్కులెందుకు తక్కువ?

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి ఏ సెక్షన్‌లో చదువుతోంది. క్లాసులో 38 మంది ఉన్నారు. వచ్చే ఏడాది ఆ సెక్షన్‌ని రెండుగా విడగొడతామని, ఇంకో టీచర్‌ని పెట్టుకోవాలి కాబట్టి ఫీజు పెరుగుతుందని స్కూలువాళ్లు చెప్పారు. ఒప్పుకోవాలో వద్దో పేరెంట్స్ కమిటీ తేల్చాలి. నేను అందులో సభ్యురాలిని. కమిటీలో ఒకాయన, 'క్లాసు చిన్నదైతే చదువు బాగుపడుతుందని అమెరికాలో ఎప్పుడో రుజువైంది' అంటారు. ఇంకొకావిడ, 'వందల పరిశోధనలు కలిపి చూస్తే తేడా ఏమీ లేదని తేలింది, డబ్బు దండగ' అంటారు. ఇద్దరూ గ్రూపులో లింకుల మీద లింకులు పెడుతున్నారు. నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. మా స్కూల్లోనే నాలుగో తరగతి బి సెక్షన్‌లో 24 మందే ఉన్నారు. వాళ్ల సగటు మార్కులు ఏ సెక్షన్ కంటే తక్కువ. (చదువులో కాస్త వెనకబడినవాళ్లని అందులో వేస్తారు లెండి.) కళ్లముందున్నదాన్ని నమ్మాలా, లింకుల్ని నమ్మాలా? కమిటీలో ఏం చెప్పమంటారు? ఇంకొక్కటి. ఈలోపు మా పాపని బి సెక్షన్‌కి మార్చమని అడగొచ్చా?

(పేరు వేయవద్దని కోరిన ఒక తల్లి)

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే వాక్యాన్ని మీరు బ్రాకెట్లో పడేశారు. 'వెనకబడినవాళ్లని అందులో వేస్తారు లెండి' అన్నారే, ఆ మాటతో మీ అనుమానానికి సగం జవాబు మీరే చెప్పుకున్నారు. బి సెక్షన్ చిన్నది కావడం వల్ల అక్కడ మార్కులు తగ్గలేదు. మార్కులు తక్కువ వచ్చేవాళ్ల కోసమే దాన్ని చిన్నదిగా ఉంచారు. ఐసీయూలో ఒక్కో పేషెంటుకు నర్సులు ఎక్కువ, చావులూ ఎక్కువే. నర్సులు ఎక్కువైతే మనుషులు పోతారని ఎవరమూ అనుకోం కదా.

ఇదే తిరగేసి కూడా జరుగుతుంది. బాగా డబ్బున్నవాళ్లు చేర్పించే స్కూల్లో క్లాసుకి 20 మందే ఉంటారు, మార్కులూ బాగా వస్తాయి. కానీ ఆ పిల్లలకి ఇంట్లో పుస్తకాలుంటాయి, పక్కన కూర్చుని చదివించేవాళ్లుంటారు, కావాలంటే ట్యూషన్ ఉంటుంది. ఇవన్నీ పక్కన పెడితే 20 అన్న అంకె వల్ల ఒరిగింది ఎంత? బయటినుంచి చూసి చెప్పలేం. అందుకే ఎవరు ఏ లింకు పంపినా, అంకెల దాకా పోకముందే ఒక్క విషయం వెతకండి. ఆ పిల్లలు ఆ చిన్న క్లాసులోకి ఎలా వచ్చారు? ఎవరైనా ఏరి వేశారా, అమ్మానాన్నలు కోరి వేయించారా, చీటీలు వేసి తీశారా?

చీటీలు వేసి తీసిన సందర్భం ఒకటుంది. మీ కమిటీలో ఆయన చెబుతున్నది బహుశా దాని గురించే.

1985లో అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రంలో 'స్టార్' అనే ప్రయోగం మొదలైంది. సుమారు 80 స్కూళ్లు, నాలుగేళ్లలో అన్నీ కలిపి 11,600 మంది దాకా పిల్లలు, కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకు. ప్రతి స్కూల్లోనూ మూడు రకాల క్లాసులు పెట్టారు. 13 నుంచి 17 మంది ఉండే చిన్న క్లాసు ఒకటి. 22 నుంచి 25 మంది ఉండే మామూలు క్లాసు ఒకటి. మూడోదీ మామూలు క్లాసే, కాకపోతే టీచర్‌కి తోడుగా రోజంతా ఒక అసిస్టెంట్ ఉంటారు. ఏ పిల్ల ఎందులో కూర్చోవాలో, ఏ టీచర్ ఎందులో చెప్పాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. మూడు రకాలూ ఒకే స్కూల్లో ఉండి తీరాలన్నది షరతు. అందుకే ఆ తరగతిలో కనీసం 57 మంది లేని స్కూలుని చేర్చుకోలేదు. 13, 22, 22 కూడి చూడండి. నన్నడిగితే ఆ ప్రయోగం విలువంతా ఈ చిన్న షరతులోనే ఉంది. ఒకే ప్రిన్సిపాల్, ఒకే ఊరు, ఒకే రకం ఇళ్ల పిల్లలు. ఇక తేడా అంటూ వస్తే క్లాసు సైజు దగ్గరే వెతకాలి.

ఆ లెక్కల్ని అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్త మళ్లీ తవ్వి 1999లో ఫలితాలు బయటపెట్టారు. వందమంది పిల్లల్ని మార్కుల ప్రకారం వరసలో నిలబెట్టారనుకోండి. చిన్న క్లాసులో పడ్డ పిల్ల మొదటి ఏడాదిలో సగటున నాలుగు స్థానాలు ముందుకు జరిగింది. ఆ తర్వాత చిన్న క్లాసులోనే గడిపిన ఒక్కో ఏడాదికి సుమారు ఇంకో స్థానం. పేద ఇళ్ల పిల్లలకీ నల్లజాతి పిల్లలకీ లాభం ఇంకాస్త ఎక్కువ. అసిస్టెంట్‌ని పెట్టిన క్లాసుల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. ఈ చివరిది గుర్తుపెట్టుకోండి, 'ఇంకో టీచర్ ఎందుకు, తక్కువ జీతానికి ఒక అసిస్టెంట్‌ని పెడితే పోలా' అని మీ మీటింగులో ఎవరో ఒకరు అనకపోరు.

ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా వాళ్ల వివరాలు సేకరించారు. చిన్న క్లాసుల్లో ఉన్నవాళ్లలో కాలేజీ ప్రవేశ పరీక్షలు రాసినవాళ్లు, కాలేజీలో చేరినవాళ్లు కాస్త ఎక్కువ. 27 ఏళ్ల వయసులో సంపాదన చూస్తే మాత్రం స్పష్టమైన తేడా కనపడలేదు.

ఆ ప్రయోగంలో లొసుగులు లేకపోలేదు. మొదట్లోనే పిల్లలందరికీ ఒక పరీక్ష పెట్టి, బయల్దేరినప్పుడు అందరూ సమానమే అని ఖాయం చేసుకోలేదు. తరగతి మారేటప్పుడు పదిమందిలో ఒకరు దాకా చిన్న క్లాసులోకో, అందులోంచి బయటికో మారిపోయారు. ప్రిన్సిపాల్ గది ముందు కూర్చుని సెక్షన్ మార్పించుకునే తల్లిదండ్రులు ఏ దేశంలోనైనా ఉంటారు. చాలామంది పిల్లలు మధ్యలో స్కూలు వదిలి వెళ్లిపోయారు కూడా. క్రూగర్ వీటన్నిటినీ లెక్కలోకి తీసుకుని, తర్వాత ఎవరు ఎక్కడికి మారినా సరే మొదట చీటీలో ఏది వచ్చిందో దాన్నిబట్టే పోల్చి చూశారు. అలా చూసినా లాభం నిలిచింది. నా మటుకు నాకు ఈ ప్రయోగం మీద నమ్మకం ఉంది.

అయితే మీ కమిటీలో ఆయన గమనించని సంగతి ఒకటుంది. టెనెస్సీలో 'పెద్ద' క్లాసు అన్నది 22 నుంచి 25 మంది. అంటే మీ బి సెక్షన్ అక్కడైతే పెద్ద క్లాసు! 38ని 19 చేస్తే ఏమవుతుందన్నది వాళ్లు పరీక్షించనే లేదు. పైగా వాళ్లు చూసింది అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్ని. స్కూల్లో కూర్చోవడం, అక్షరాలు పట్టుకోవడం అప్పుడే నేర్చుకుంటున్న వయసు. మీ పాప చదివే తరగతి దాకా వచ్చేసరికి ఆ ప్రయోగమే ఆగిపోయింది. రుజువైంది అన్నది నిజమే. రుజువైంది ఏమిటన్నది ఆయన కాస్త సాగదీశారు.

మీ లెక్కకి దగ్గరగా ఉన్నది ఇజ్రాయెల్ కథ. 12వ శతాబ్దంలో మైమోనిడీస్ అనే యూదు పండితుడు ఒక నియమం రాసిపెట్టాడు. ఒక గురువు దగ్గర 25 మంది పిల్లలు ఉండొచ్చు, అంతకు మించితే ఒక సహాయకుణ్ణి పెట్టాలి, 40 దాటితే ఇద్దరు గురువులు కావాలి. ఇజ్రాయెల్ ప్రభుత్వ పాఠశాలల్లో క్లాసుకి 40 మందే అన్న పరిమితి దీని చాయలోదే. ఇప్పుడు చూడండి తమాషా. ఒక స్కూల్లో అయిదో తరగతిలో 40 మంది చేరారు, అందరూ ఒకే గదిలో. పక్క స్కూల్లో 41 మంది చేరారు, 20 మంది ఒక గదిలో 21 మంది ఇంకో గదిలో. ఎవరో తెలివైనవాళ్లని ఏరలేదు, ఎవరూ సిఫారసు చేయలేదు. ఆ ఏడాది ఒక కుటుంబం కొత్తగా ఆ ఊరొచ్చింది, అంతే. చీటీ వేయకపోయినా చీటీ వేసినట్టే.

జాషువా ఆంగ్రిస్ట్, విక్టర్ లావీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇది పట్టుకున్నారు. 1990ల మొదట్లోని పరీక్షల మార్కులు తీసుకుని, చిన్న క్లాసుల్లో ముఖ్యంగా అయిదో తరగతి పిల్లలు మెరుగ్గా చేశారని 1999లో చూపించారు. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన పరిశోధన అది. ఇరవై ఏళ్ల తర్వాత, 2019లో, వాళ్లిద్దరే ఇంకో ఇద్దరితో కలిసి 2002 నుంచి 2011 దాకా వచ్చిన కొత్త మార్కులతో అదే లెక్క మళ్లీ వేశారు. ఈసారి ఫలితం సున్నా. వివరాలు చాలక వచ్చిన సున్నా కాదది, చాలా కచ్చితమైన సున్నా. ఇంకో సంగతి కూడా బయటపడింది. 40 గీత దగ్గర చేరికల అంకెలు కాస్త అటూ ఇటూ జరుపుతున్నారు. పిల్లల పుట్టిన తేదీల్నిబట్టి ఎంతమంది ఉండాలో తామే లెక్కకట్టి, ఆ సర్దుబాటుని పక్కన పెట్టి చూసినా ఫలితం మారలేదు.

తమ పేరు నిలబెట్టిన ఫలితాన్ని తామే మళ్లీ పరీక్షకు పెట్టి, ఇప్పుడు కనపడటం లేదు అని రాయడం చిన్న విషయం కాదు. ఆంగ్రిస్ట్‌కి 2021లో నోబెల్ వచ్చింది ఇలాంటి పద్ధతుల మీద చేసిన కృషికే. దీన్నిబట్టి పాత ఫలితం తప్పని అనుకోనక్కర్లేదు. ఒకే దేశం, ఒకే నియమం, ఒకే పద్ధతి, అయినా కాలం మారితే జవాబు మారింది. అప్పటికీ ఇప్పటికీ మధ్య ఆ క్లాసుల్లో ఏదో మారి ఉండాలి. ఆ 'ఏదో' దగ్గరికి కాసేపట్లో వద్దాం.

ఇక 'వందల పరిశోధనలు' అంటున్న ఆవిడ సంగతి. ఆవిడ చెప్పేదానికీ మూలం ఉంది. ఎరిక్ హనుషెక్ అనే ఆర్థికవేత్త 1997లో అప్పటిదాకా వచ్చిన అంచనాలన్నీ పోగేస్తే 277 వచ్చాయి. చిన్న క్లాసు మేలని స్పష్టంగా చెప్పినవి కొన్ని, చేటని చెప్పినవి ఇంచుమించు అన్నే, ఎక్కువ భాగం ఎటూ తేల్చలేదు. ఓట్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టి, క్లాసు సైజుకీ చదువుకీ నిలకడైన సంబంధమేమీ లేదన్నారు. క్రూగర్ దీనికీ అడ్డుతగిలారు. ఆ 277 అంచనాలూ వచ్చింది 59 అధ్యయనాల నుంచే, అందులోనూ 100కు పైగా కేవలం తొమ్మిది అధ్యయనాలవి అని చూపించారు. ఒకే మనిషి పదిసార్లు వేలెత్తితే పది ఓట్లు వేసుకున్నట్టన్నమాట. వాళ్లిద్దరి మధ్యా ఏళ్ల తరబడి నడిచిన వాదన అది.

ఆవిడతో మాట్లాడేటప్పుడు రెండు ముక్కలు గుర్తుంచుకోండి. 'తేడా లేదని తేలింది' వేరు, 'తేడా ఉందో లేదో తేలలేదు' వేరు. లారీలు తూచే కాటా మీద ఒక ఉత్తరం పెడితే ముల్లు కదలదు. ఉత్తరానికి బరువు లేదనా? చిన్న అధ్యయనాలు చాలావాటిది ఆ కాటా పరిస్థితే. రెండోది, అధ్యయనాల సంఖ్య చూసి జడుసుకోకండి. 2018లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. వాళ్ల నిబంధనలకి సరిపోయిన అధ్యయనాలు 127. అందులో 45 టెనెస్సీ ప్రయోగాన్నే తిప్పి తిప్పి చూసినవి! మిగిలినవాటిలో పిల్లలు ఆ క్లాసులోకి ఎలా వచ్చారన్న ప్రశ్నకి గట్టిగా నిలిచినవి కొన్నే. వాటిని కలిపి చూస్తే చదవడంలో కొంచెం లాభం, లెక్కల్లో ఏమీ లేదు అని తేల్చారు. అంటే ఆవిడ మాటలోనూ నిజం ఉంది. 'వందల' అన్న మాటలోనే లేదు.

అమెరికాలోనే కాలిఫోర్నియా చేసిన పని మీ కమిటీకి ఇంకా దగ్గరగా తగులుతుంది. టెనెస్సీ ఫలితాలు చూసి 1996లో ఆ రాష్ట్రం కింది తరగతుల్ని 30 మంది దగ్గర్నుంచి 20కి తగ్గించమంది. తగ్గించిన స్కూళ్లకి డబ్బు ఇస్తానంది. రాష్ట్రమంతా ఒకేసారి టీచర్ల కోసం ఎగబడ్డారు. అంతమంది టీచర్లు ఎక్కడినుంచి వస్తారు? అనుభవం లేనివాళ్లని, శిక్షణ పూర్తికానివాళ్లని తీసుకున్నారు. మంచి పేరున్న స్కూళ్లలో ఖాళీలు పడేసరికి పేద ప్రాంతాల్లోని అనుభవమున్న టీచర్లు అటు వెళ్లిపోయారు. తర్వాత క్రిస్టఫర్ జెప్సెన్, స్టీవెన్ రివ్‌కిన్ అనే ఇద్దరు లెక్కకట్టి చూశారు. మిగతావన్నీ సమానంగా ఉంటే క్లాసు తగ్గడం వల్ల మేలే జరిగింది. కానీ మిగతావి సమానంగా లేవు. కొత్త టీచర్ల వల్ల ఆ లాభంలో కొంత, కొన్నిచోట్ల దాదాపు అంతా, చేతికొచ్చినట్టే వచ్చి పోయింది.

మీ స్కూలు పెట్టుకోబోయే ఆ ఇంకో టీచర్ ఎవరు? మీ పాప అదృష్టం బాగుండి ఇప్పుడున్న టీచర్ దగ్గరే మిగిలితే సరే. మిగతా 19 మందికి ఎవరు? కమిటీలో ఇప్పటిదాకా ఎవరూ ఈ ప్రశ్న అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు.

ఇప్పుడు ఆ 'ఏదో' దగ్గరికి వస్తాను. పశ్చిమ కెన్యాలో ఎస్తేర్ డుఫ్లో, పాస్కలిన్ డుపాస్, మైకేల్ క్రెమర్ చేసిన ప్రయోగం ఒకటుంది. ఒకటో తరగతిలో సగటున 82 మంది ఉండేవాళ్లు. చీటీలు వేసి తీసిన స్కూళ్లకి ఒక కాంట్రాక్టు టీచర్‌ని పెట్టుకోవడానికి డబ్బు ఇచ్చారు. క్లాసు 44కి తగ్గింది. 82 నుంచి 44! టెనెస్సీలో కలలో కూడా ఊహించని తగ్గుదల. పాత టీచర్ దగ్గరే ఉండిపోయిన పిల్లల మార్కులు మాత్రం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. కొత్త కాంట్రాక్టు టీచర్ దగ్గరికి వెళ్లిన పిల్లల మార్కులు పెరిగాయి. కొత్తవాళ్లు బడికి క్రమం తప్పకుండా వచ్చేవాళ్లు. ఇంకొకరు వచ్చారు కదా అని పాతవాళ్లు పని కాస్త తగ్గించుకున్నారు.

2000ల మొదట్లో ముంబయి, వడోదరల్లో జరిగిన 'బాల్‌సఖి' ప్రయోగంలోనూ ఇలాంటిదే. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లల్ని 15, 20 మంది చొప్పున రోజుకి రెండు గంటలు వేరే తీసుకెళ్లి, వాళ్లకి రాని అక్షరాలు, కూడికలు మొదట్నుంచి నేర్పించారు. నేర్పింది స్థానిక యువతులు. ఆ పిల్లలు బాగా ముందుకొచ్చారు. వాళ్లు వెళ్లిపోయిన రెండు గంటలు అసలు క్లాసు కూడా చిన్నదైంది కదా? వెనకబడినవాళ్లూ లేరు, టీచర్‌కి ఊపిరి ఆడింది. అక్కడ మిగిలిన పిల్లలకి మాత్రం లాభం ఏమీ కనపడలేదు. అదే ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో, చీటీలు వేసి తీసిన 100 ప్రభుత్వ పాఠశాలలకి అదనంగా ఒక కాంట్రాక్టు టీచర్‌ని ఇచ్చినప్పుడు, రెండేళ్లలో లెక్కల్లోనూ తెలుగులోనూ పిల్లలు ముందుకొచ్చారు. తల్లిదండ్రులు 'ఎంతమంది' దగ్గర ఆగిపోతారు. పిల్లల్ని ముందుకు తీసుకెళ్లింది మాత్రం మనుషులు తగ్గడం వల్ల దొరికిన వెసులుబాటుతో ఎవరో ఏదో చేయడమే.

ఇది నాకు నా క్లాసులోనే తెలిసింది. కొన్నేళ్లు పాఠాలు చెప్పాను లెండి. ఒక ఏడాది 58 మంది ఉన్న నా క్లాసుని మధ్యలో విడగొట్టి నాకు 29 మందిని మిగిల్చారు. మొదటి వారంలోనే గొంతు నొప్పి తగ్గింది. పాఠం మాత్రం ఏమీ మారలేదు. బోర్డు వైపు తిరిగి రాయడం, ఇటు తిరిగి 'అర్థమైందా' అనడం, 'అయింది సార్' అని కోరస్. 58 మంది చెప్పినా కోరసే, 29 మంది చెప్పినా కోరసే.

రెండు నెలలు అలాగే పోయింది. ఒకరోజు నోట్‌బుక్కులు దిద్దుతుంటే ఒక పిల్ల 612ని 6తో భాగించి 12 అని రాసింది. సున్నా ఎగిరిపోయింది. 58 పుస్తకాల కట్ట ముందుంటే ఇంటూ పెట్టి తర్వాతి పుస్తకం తీసుకునేవాణ్ణి. ఆ రోజు టైముంది. పిలిచి, 'ఎలా చేశావో చెప్పమ్మా' అన్నాను. 'ఆరులో ఆరు ఒకటి. ఒకటిలో ఆరు పోదు. పన్నెండులో ఆరు రెండు' అంది గడగడా. 'మరి ఒకటిలో పోనప్పుడు పైన ఏం రాయాలి?' అన్నాను. నా మొహంలోకి వింతగా చూసి, 'పోలేదు కదా సార్, ఏం రాస్తాను?' అంది.

అంతకంటే తర్కం ఏముంటుంది! పోలేదని కూడా రాయాలి, ఆ రాసే గుర్తే సున్నా అని నేను ఎప్పుడూ చెప్పలేదు. మిగతా పుస్తకాలు తిరగేస్తే తొమ్మిదిమందిది అదే తప్పు. మర్నాటి పాఠం మారిపోయింది. ఒక్కో పుస్తకానికి రెండు నిమిషాలు వేసుకుంటే 58కి రెండు గంటలు, 29కి గంట. విడగొట్టడం వల్ల నాకు రోజూ ఒక గంట మిగులుతూనే ఉంది. రెండు నెలలు దాన్ని ఇంటికి త్వరగా వెళ్లడానికి వాడుకున్నాను. ఆ రెండు నెలల్లో ఎవరైనా మా క్లాసు మీద పరిశోధన చేసి ఉంటే 'తేడా ఏమీ లేదు' అనే రాసేవారు, అది నిజమే అయ్యేది.

కాబట్టి కమిటీలో లింకుల పోరులోకి దిగకండి. స్కూలువాళ్లనే అడగండి. కొత్త టీచర్‌ని ఎప్పుడు తీసుకుంటున్నారు, జూన్‌లోనా, లేక క్లాసులు మొదలయ్యాక ఎవరు దొరికితే వాళ్లనా? 19 మంది ఉన్నప్పుడు పాఠం చెప్పే తీరులో ఏం మారుతుంది? 'వ్యక్తిగత శ్రద్ధ' అన్న జవాబు వస్తే ఒప్పుకోకండి, అది బ్రోషర్లో మాట. వారానికి ఎన్నిసార్లు నోట్‌బుక్కులు చూస్తారు, చదివి వినిపించే వంతు ఒక్కో పిల్లకి ఎన్ని రోజులకోసారి వస్తుంది, తప్పు చేసిన పిల్లతో ఎవరు ఎప్పుడు కూర్చుంటారు, ఇలా లెక్కకి దొరికే జవాబులు అడగండి. అదే జీతంతో సెక్షన్ విడగొట్టకుండా, ఆ కొత్త టీచర్‌తో రోజుకి రెండు గంటలు ఏ, బి రెండింటిలోనూ అవసరమున్న పిల్లల్ని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి చెప్పిస్తే ఎలా ఉంటుందని కూడా అడిగి చూడండి. స్కూలువాళ్లు మొహం చిట్లించొచ్చు, టైంటేబుల్ వేయడం కష్టం కాబట్టి. కానీ పైన చెప్పిన బాల్‌సఖిలో ఫలితం కనిపించింది అలాంటిదానికే.

విడగొట్టడానికే ఒప్పుకుంటే, పిల్లల పేర్లు చీటీలు వేసి తీయమనండి. మార్కుల ప్రకారం విడగొడితే ఏడాది తిరిగేసరికి బి సెక్షన్ విషయంలో మీకు వచ్చిన అనుమానమే మళ్లీ వస్తుంది, ఎవరూ ఏమీ తేల్చలేరు. రెండు సెక్షన్లకీ ఒకే పేపరు, పేర్లు కనపడకుండా, వేరే టీచర్‌తో దిద్దించాలి. ఒక్క యూనిట్ టెస్టు చూసి సంబరపడొద్దు, కంగారూ పడొద్దు. 80 తెచ్చుకునే పిల్ల జ్వరమొచ్చి రాలేదని సున్నా వేశారనుకోండి. 40 మంది క్లాసులో సగటు 2 మార్కులు తగ్గుతుంది, 20 మంది క్లాసులో 4 తగ్గుతుంది. చిన్న క్లాసు సగటు ఊరికే ఎగిరెగిరి పడుతుంటుంది. స్కూల్లో మొదటి ర్యాంకు సెక్షనూ చిన్నదే, చివరి ర్యాంకు సెక్షనూ చిన్నదే అయితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

నేను ఆ కమిటీలో ఉంటే ఏం చేస్తానని అడుగుతారేమో. ఒకటి, రెండు తరగతుల కోసమైతే పెద్దగా ఆలోచించకుండా చెయ్యెత్తుతాను, టెనెస్సీ సాక్ష్యం ఆ వయసుకి గట్టిగా ఉంది కాబట్టి. నాలుగు నుంచి అయిదుకి వెళ్లే పిల్లల కోసమైతే టీచర్ ఎవరో తెలిశాకే చెయ్యెత్తుతాను. కింది తరగతుల్లో కూడా 38 మంది ఉంటే, ఈ డబ్బు ముందు అక్కడ పెట్టమని గట్టిగా అడుగుతాను. మీ పాపకి దాని వల్ల ఒరిగేదేమీ ఉండదు, కాబట్టి ఆ మాట మీ నోటినుంచి వస్తే నలుగురూ వింటారు కూడా.

ఇక మీ చివరి ప్రశ్న. పాపని ఈలోపు బి సెక్షన్‌కి మార్చమని అడగొద్దు. అక్కడి టీచర్ పాఠం నడిపే వేగం ఆ పిల్లల కోసం పెట్టుకున్నది. మీ పాప వెళ్తే తను ఖాళీగా కూర్చుంటుంది, టీచర్ దృష్టి ఇంకొకరి మీదికి చీలుతుంది. దాని బదులు ఈ వారం పాప లెక్కల నోట్‌బుక్ తీసి, తప్పు చేసిన చోట ఎర్రసిరాతో ఏముందో చూడండి. ఉత్త ఇంటూ గుర్తేనా, పక్కన ఇంకేమైనా రాసి ఉందా? ఇంటూ ఒక్కటే ఉంటే, పాపని కూర్చోబెట్టుకుని 'ఎలా చేశావో చెప్పమ్మా' అని మీరే అడగండి. ఏం చెప్పిందో కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టి పంపండి. 38 మందిలో ఒక్కరి పని తగ్గించినందుకు ఏ టీచరూ విసుక్కోదు.